జీడి అంటని వేలు

నేను ఒక వేలిముద్రల మిషనుని. అగ్గిపెట్టెకి అన్నయ్యంత ఉంటాను. కడుపులో దీపం, నెత్తిన అద్దం, వెనక పొడుగాటి తోక. నన్ను పుట్టించిన కార్ఖానాలో నేర్పింది ఒక్కటే: వేలు చూడు, అవుననో కాదనో చెప్పు. మనుషులకి ఈపాటి చదువు చాలితే సగం తగవులు ఉండేవే కావు.

మొదట ఒక రేషను డీలరు చేతిలో పడ్డాను. తాటిచెట్లెక్కే ఆసామి బొటనవేలు పెడితే నా అద్దంలో తాటిమట్ట కనబడింది. వల లాగే మనిషి పెడితే చేప అనుకుని బియ్యం ఇవ్వనన్నాను. నమ్మకపోతే మానండి. తర్వాత సిమ్ములమ్మేవాడి గొడుగు కింద మాడి, చివరికి ఉద్దానంలో, జీడిపప్పు బట్టీల మధ్య, కూర్మారావు ఆన్‌లైన్ సెంటరుకి చేరాను.

అక్కడ నాకు కుదురన్నది లేదు. పిల్లల కాలేజీ ఫీజు సర్కారు కట్టాలంటే తల్లి వేలు నా మీద పడాలి. గడువు ఆఖరి రోజు వీధి చివరిదాకా జనం. కరెంటు వస్తే సర్వరు పోతుంది, సర్వరు వస్తే కరెంటు పోతుంది. ఆ తోపులాటలో వచ్చింది దాలమ్మ, బట్టీలో జీడిపిక్కలు ఒలిచే మనిషి. పక్కన కూతురు నీలవేణి. నర్సింగులో సీటొచ్చింది. ఇవాళ తల్లి వేలు పడకపోతే ఫీజూ లేదు, సీటూ లేదు.

దాలమ్మ బొటనవేలు పెట్టింది. గాజుగోలీలా నున్నగా ఉంది. గీతలన్నీ జీడిరసం తినేసింది. ఎర్రదీపం వెలిగించాను.

“పడనేదు పిన్నీ. ఇంకోపాలి ఎట్టు,” అన్నాడు కూర్మారావు.

మళ్లీ ఎరుపే. చూపుడువేలూ అంతే. వెనక లైనంతా వైద్యులైపోయారు.

“కొబ్బరినూని రాయే!”

“నెత్తికి రుద్దియెట్టు!”

“ఆ మిషనుకి కోడిని కొయ్యండర్రా, పలుకుద్ది!”

నాకు ఒళ్లు కాలిపోతోంది. కాదనడం తప్ప మరో మాట రాని జన్మ!

“నాను మాత్రం ఏటి సేత్తాను పిన్నీ? పక్కకి జరుగు,” అన్నాడు కూర్మారావు.

దాలమ్మ జరగలేదు. కంట్లోకి కారుతున్న చెమటని చిటికెనవేలితో తుడుచుకుంది. నీలవేణి ఆ చెయ్యి పట్టేసుకుంది.

“ఈ ఏలు ఎట్టమ్మా!”

“చిటికెనేలా? ఎవులూ ఎట్టరే,” అన్నాడు కూర్మారావు.

“ఎట్టకూడదని రూలేటైనా ఉందేటి?”

“ఒలిసినప్పుడు దీన్ని పైకెత్తుకుంతాను బాబూ,” అంది దాలమ్మ సిగ్గుపడుతూ. “కంట్లో నలక పడితే తీసుకోడానికి ఒక్క ఏలైనా బాగుండాల గదా. బట్టీలో అందరూ మహారాణీ వచ్చిందంతారు.”

పైన ఫ్యాను నెమ్మదించింది. కరెంటు పోయేటట్టుంది. గబుక్కున వేలు నా మీద పడింది.

గీతలు! నాటుకి సిద్ధమైన మళ్ల గట్లలా ఒకదాని పక్కన ఒకటి. పచ్చదీపం వెలిగించాను. మరుక్షణం కరెంటు పోయింది. కానీ నా మాట అప్పటికే సర్వరుకి చేరిపోయింది.

“పనీపాటా సెయ్యని ఏలే నా గుంటని సదివిత్తంది!” అని దాలమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని నవ్వింది. లైనంతా నవ్వింది.

ఇప్పుడు నేను అటక మీద, చచ్చిన వైర్ల మధ్య ఉన్నాను. కింద కళ్లు చూసే కొత్త మిషను వచ్చింది. నా కథలన్నీ దానికి చెప్పాను. తాటిమట్టని నమ్మింది, చేపని నమ్మింది. దాలమ్మ వేలి సంగతి మాత్రం, ఎంత చెప్పినా, కోతలు కొయ్యకంటోంది.