మూడో ఓటు

గ్యాస్ ఎవరికి, ఎంత ధరకు, ఎంత ఇవ్వాలో తేల్చే కమిషన్‌లో సభ్యులు ముగ్గురు. కొరత ముంచుకురావడంతో ముందు ఎవరికి ఆపాలో నిర్ణయించడానికి ఆరోజు కూర్చున్నారు. చిన్న గాజు బట్టీలకు పూర్తిగా ఆపేద్దామన్నాడు ఛైర్మన్. తగ్గించి ఇద్దాం గానీ అసలుకే ఎసరు పెట్టొద్దన్నాడు రెండో సభ్యుడు. ఇక మిగిలింది ఆమె ఓటు.

ఆమె అన్నయ్యది గాజు బట్టీ. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పకూడదు. ఆరితే గాజు కరిగే కుండ పగిలిపోతుంది. ఆమె చదువంతా ఆ మంట పెట్టిన భిక్షే.

ఆమె నోరు తెరిచేలోగా ఛైర్మన్ కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు. "మేడమ్, మీ అన్నగారికి బట్టీ ఉందటగా? రేపు ఎవరైనా కోర్టుకెక్కితే మన పరువు పోతుంది. మీరు కాసేపు బయట కూర్చుంటే..."

ఆయన జీవితమంతా గ్యాస్ కంపెనీలో చేసి వచ్చినవాడు. దాన్ని అనుభవం అంటారు. ఆమెది బంధుత్వం.

"మరి మీరు కంపెనీలో..."

"నేను ఉద్యోగం మానేశాను కదమ్మా. మీరు చెల్లెలి ఉద్యోగం మానలేరుగా?" అని నవ్వాడాయన.

రెండో సభ్యుడు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. సొంతవాళ్ల వ్యవహారంలో ఓటు వేయకూడదన్న నియమానికి ఒకప్పుడు ఆమే చెయ్యెత్తింది. లేచి వరండాలోకి వచ్చేసింది. ఓట్లు సమానమైతే ఛైర్మన్ మాటే చెల్లుతుంది. అదే చెల్లింది.

గ్యాస్ ఆగిన రాత్రి ఆమె బట్టీకి వెళ్లేసరికి అన్నయ్య, పనివాళ్లూ చెమటలు కక్కుతూ కరిగిన గాజును గరిటెలతో తోడి నీళ్లతొట్టిలో పోస్తున్నారు.

"తోడేస్తే కుండ నిలుస్తుందా అన్నయ్యా?"

"నిలవదే. ఊరికే నిలబడి చూడలేక తోడుతున్నాం."

"నన్ను ఓటు వేయనివ్వలేదు."

"తెలుసమ్మా. నువ్వు తప్పు పని చెయ్యవు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. వదిన మంచినీళ్లు తెచ్చిచ్చింది గానీ మొహం చూడలేదు.

తెల్లారేసరికి కుండ నిలువునా చీలింది. అన్నయ్య ఇంకెవరి ఫ్యాక్టరీలోనో ప్లాస్టిక్ సీసాలు పెట్టెల్లో సర్దే పనికి కుదిరాడు.

కొరత తీరాక బట్టీలకు గ్యాస్ ఇవ్వాలని కమిషన్ మళ్లీ కూర్చుంది. ఈసారి ఆమెను ఎవరూ బయటికి వెళ్లమనలేదు. ముగ్గురూ చెయ్యెత్తారు. ఊళ్లో అప్పటికి గ్యాస్ అడిగే బట్టీ ఒక్కటీ మిగల్లేదు.