అరవని బావమరిది

రూబీ సిస్టర్ ఆ పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి ఇన్‌ఛార్జిగా వచ్చిన కొత్తలో, ప్రమాదం కేసు వచ్చిందంటే నర్సులంతా ఒకేసారి స్ట్రెచర్ మీదకు వంగేవారు. ఇద్దరు ఒకే చెయ్యి పట్టుకుని నాడి చూసేవారు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల దగ్గరికే ముందు పరుగెత్తేవారు.

ఇది మార్చాలని రూబీ పట్టుబట్టింది. డాక్టర్ తిరుమలరావు సరేనన్నాడు. ఊపిరి చూసేది ఒకరు, నాడి, బీపీ చూసేది ఒకరు, సెలైను ఎక్కించేది ఇంకొకరు. ఇలా పనులు పంచి, మధ్యాహ్నం రద్దీ తగ్గాక రూబీ వాళ్లచేత సాధన చేయించేది. ఊపిరి చూసే పని నర్సు రాజకుమారిది, రోగి వేషం ఎప్పుడూ నర్సు తాయారుదే. ఆమె ఎంత బాగా మూలిగేదంటే, ఒకసారి బయట బెంచీ మీది ముసలమ్మ "అయ్యో, ఆ పిల్లకి ఏటైపోనాదమ్మా?" అని ఏడుపు అందుకుంది.

అసలు పరీక్ష ఒక ఉదయం వచ్చింది. గజపతినగరం దగ్గర మొక్కజొన్న లోడుతో వెళ్తున్న ట్రాక్టరు బోల్తా పడింది. దాని మీదున్న ఇద్దర్ని ఆటోలో తెచ్చారు.

మొదటివాడు గంగులు. మోకాలి కింద కాలు వంకర తిరిగి ఉంది. "సచ్చిపోతన్నాను బాబోయ్!" అని ఆసుపత్రి ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. వెంట వచ్చిన ఊరివాళ్లు అంతకన్నా గట్టిగా అరుస్తున్నారు.

రెండోవాడు అతని బావమరిది జగన్నాధం. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. తనే నడిచొచ్చి గోడకు ఆనుకున్నాడు.

"నాకేటి నేదు సిస్టరమ్మా. బావని సూడండి" అన్నాడు. పెదాలు తడుపుకుని, "కొంచెం మంచినీళ్లు ఇప్పించండి. దాహం కాల్సేస్తన్నాది" అన్నాడు.

రూబీ అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా, చెమటగా ఉంది. నాడి సన్నగా, గుర్రంలా పరుగెడుతోంది. పొట్ట మీద చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది.

"తాయారూ, ఇతన్ని ముందు పడుకోబెట్టు! రాజకుమారీ, నువ్వు గంగులు ఊపిరి చూసి కాలు కదలకుండా బద్ద కట్టు. నీళ్లు మాత్రం ఎవరూ ఇవ్వకండి!"

ఊరివాళ్లు మండిపడ్డారు. "కాలు ఇరిగినోణ్ణి ఒగ్గేసి, నడిసొచ్చినోణ్ణి సూత్తారేటి?"

"లోపల రక్తం కారుతోందయ్యా! తప్పుకోండి!"

అంతే. ఎవరినీ ఎవరూ తోసుకోలేదు. ఒకరు ఆక్సిజన్ పెట్టారు. రెండు చేతులకూ సూదులు పడ్డాయి. రక్తనమూనా బ్లడ్‌బ్యాంకుకు పరుగెత్తింది. తాయారు బీపీ అంకెలు గట్టిగా చదువుతోంది, అవి పడిపోతున్నాయి. రూబీ దుప్పటి కప్పుతూ, "జగన్నాధం, నాతో మాట్లాడు. మీదే ఊరు?" అని అడుగుతూనే ఉంది.

డాక్టర్ స్కానింగ్ యంత్రం పొట్ట మీద ఆనించి ఒక్క చూపు చూశాడు. "పొట్టలో ప్లీహం చిట్లింది. థియేటర్‌కి పదండి!"

రక్తం సంచి పైకెత్తి పట్టుకుని తాయారు పరుగు, స్ట్రెచర్ తోస్తూ రూబీ పరుగు. థియేటర్ తలుపులు మూసుకోగానే రూబీ గంగులు కాలు చూడటానికి వెనక్కి వచ్చింది.

ఆపరేషన్ ముగిసి డాక్టర్ బయటికొచ్చి మాస్కు తీశాడు. ముఖమంతా నవ్వు. "బతికాడు సిస్టర్! మీరంతా సమయానికి తెచ్చారు."

తాయారు ఎగిరి గంతేసింది. రాజకుమారి ఆమెను కౌగిలించుకుని ఏడ్చేసింది. రూబీ ఇద్దరి వీపుల మీదా చరిచి, "కాలికి బద్ద వేరే గదిలో వెతకాల్సొచ్చింది. రేపట్నుంచి అది గంగులు పడుకున్న బల్ల పక్కనే ఉండాలి" అంది. నవ్వు ఆపుకోలేకపోతూనే అంది.

కొన్నాళ్లకు బావా బావమరుదులు వార్డులో పక్కపక్క మంచాల మీదికి చేరారు.

"ఒరే, కడుపులో అంత జరుగుతుంటే సెప్పాల కదరా!" గంగులు కసిరాడు.

"నువ్వలగ అరుస్తుంటే నా మాట ఎవుడింటాడు బావా?" అన్నాడు జగన్నాధం. కుట్లు లాగుతున్నా నవ్వాడు.

"ఆ సిస్టరమ్మ ఇన్నాది కదరా" అంటూ గంగులు కళ్లు తుడుచుకున్నాడు.