ఆకాశంలో ఆడుకునే పిల్లలు

1979 చలికాలంలో కొత్తవాడ నేతసంఘానికి విదేశం నుంచి ఒక జంపఖానా ఆర్డరు వచ్చింది. నమూనాగా పంపిన రంగుల ఫోటోలో నల్లటి ఆకాశం, దాని మీద గాలికి ఊగే తెరలా ఆకుపచ్చ వెలుగు. సంఘంవాళ్లు ఆ పని సారంగపాణికి అప్పగించారు.

సారంగపాణి, అతని భార్య సమ్మమ్మ ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని నేసేవారు. ఆ ఏడు వానాకాలంలో ఆమెకు దవాఖానలో బిడ్డ చనిపోయి పుట్టింది. ఆమెకు తెలివి వచ్చేలోపే సారంగపాణి ఆ బిడ్డను పూడ్చి వచ్చాడు. ఆనాటి నుంచి అతను ఏమీ చెప్పలేదు, ఆమె ఏమీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి శారద టీచరు వచ్చి, ఫోటో వెనక ఇంగ్లీషులో రాసింది చదివింది.

"ఇవి ఉత్తర ధ్రువం దిక్కు కనబడే వెలుగులక్కా. నక్క తోకతోటి మంచు ఎగజిమ్మితె ఇట్ల మెరుస్తదని ఒక దేశపోళ్లు అనుకునేటోళ్లట. గ్రీన్‌లాండ్ల పాతకాలపోళ్లేమో..." అని ఆగిపోయింది.

"చెప్పు చెల్లే."

"పుట్టుడుతోనే పోయిన పిల్లలు ఆడ ఆడుకుంటరని నమ్మిన్రట."

సమ్మమ్మ చాలాసేపు ఫోటో చూసింది. "ఇంతమందా?" అంది.

శారద వెళ్లిపోయాక నెమ్మదిగా మొగుణ్ణి అడిగింది. "పిల్లనా, పిలగాడా?"

సారంగపాణి చేతిలోని నూలు ఉండ పక్కన పెట్టాడు. "పిల్ల. నెత్తి నిండ ఎంటికలు."

"నాకెందుకు సూపియ్యలే?"

"సూస్తె నువ్వు దక్కవని భయమైంది."

"ఒక్కనివే ఎట్ల తీస్కపోయినవయ్యా?"

"తువ్వాలల సుట్టుకొని. నడిశే పోయిన," అన్నాడు. ఆపైన మగ్గం చెక్క మీద తల ఆనించి ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ శ్మశానానికి వెళ్లారు. వానలకు మట్టి చదునైపోయి, గడ్డి మొలిచింది. సారంగపాణి ఒక చోటు చూపించి, కాదని ఇంకో చోటు చూపించాడు. చివరకు దిక్కుతోచక నిలబడిపోయాడు.

"పోనీ తియ్యి," అంది సమ్మమ్మ. ఆ రెండు చోట్లకూ నడుమ కూలబడి, "పేరన్న పెడ్దం," అంది.

"ఇప్పుడా? ఎవరు పిలుస్తరే?"

"మనమే."

అతను తన తల్లి పేరు చెప్పాడు. భద్రమ్మ. సమ్మమ్మ ఆ పేరు ఒక్కసారి పైకి పలికి, పైట కొంగు నోట్లో కుక్కుకుంది.