గుర్రం పెట్టిన దండం

నేను ఒక సినిమా రీలుని. వయసు నూరేళ్ళకు దగ్గరపడింది. చాపితే వెయ్యి అడుగులు, చుట్టి డబ్బాలో పెడితే అన్నం తినే పళ్ళెమంత. మాటలు రాని సినిమాల కాలంలో పుట్టాను కాబట్టి నాకు నోరు లేదు. అందువల్లే ఒక మంచివాడి మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. ఆ కథే ఇది.

పుట్టిల్లు హాలీవుడ్. నాలో ఉన్నవాడి పేరు బార్నీ టుల్లో. పొడుగు మనిషి, పొట్టి కోటు, భుజాన ఎప్పుడూ ఒక నిచ్చెన. దాన్ని ఎక్కడికి మోసుకుపోతున్నాడో ఏ సినిమాలోనూ చెప్పడు. దారిలో దేన్ని గుద్దుకున్నా సరే, దీపస్తంభమైనా పోలీసైనా, టోపీ తీసి నడుము వంచి మన్నించమంటాడు. వంగగానే నిచ్చెన రెండో కొస వెనకాల ఇంకెవరికో తగులుతుంది. గిరుక్కున తిరిగి వాళ్ళకూ ఒక దండం. తెర బయట మాత్రం పాలవాడు పలకరించినా తల తిప్పేవాడు కాదట. ఉన్న మర్యాదంతా నా మీదే ఖర్చు పెట్టేశాడు, పాపం.

నా ప్రాణమంతా ఇరవై అడుగుల్లో ఉంది. అందులో నిచ్చెన ఒక జట్కా గుర్రానికి తగులుతుంది. టుల్లో టోపీ తీసి వంగుతాడు. గుర్రం అతన్ని ఎగాదిగా చూసి, ముందుకాలు మడిచి తనూ వంగుతుంది! టుల్లో కంగారుపడి ఇంకాస్త వంగుతాడు. గుర్రం అంతకన్నా వంగుతుంది. చివరికి ఇద్దరి ముక్కులూ నేలకు ఆనుతాయి. అంతే.

సముద్రాలు దాటి బొంబాయి, మద్రాసు చూసి, చివరికి బొబ్బిలి వైపు తిరిగే శ్రీ పైడిమాంబ టూరింగ్ టాకీస్ డేరాలో పడ్డాను. అప్పటికి సినిమాలకు మాటలొచ్చి చాలా ఏళ్ళయింది. అసలు బొమ్మకు ముందు కాసేపు నవ్వించడానికి నన్ను వేసేవారు. జనం టుల్లోకి ‘దండాల దొర’ అని పేరు పెట్టారు. తమకు దండం పెట్టే దొరను వాళ్ళు చూడటం అదే మొదలు మరి.

అక్కడి జనం నాటకాలు మరిగినవాళ్ళు. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. రంగం మీద చచ్చిన రాజు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. నా దగ్గరా అదే పట్టు.

“వన్స్ మోర్! గుర్రం దండం మళ్ళీ ఎయ్యి!”

“ఎనక్కి తిప్పాలంటే పావుగంట పడతాది బాబూ, ఇది నాటకం కాదు!” అని మొత్తుకునేవాడు ఆపరేటర్ అప్పలసూరి. వింటేగా! డేరా గుంజలు ఊపేవారు.

అప్పలసూరి రెండు రోజులు ఆలోచించి కత్తెర తీశాడు. ఆ ఇరవై అడుగులూ నాలోంచి కోసి, ముక్కకు తలా తోకా అతికి పూలదండలా చేశాడు. వెదురు బొంగుకు ఒక చక్రం తగిలించి, దండను దానిమీంచి మిషనులోకి వదిలాడు. నా ఆట అవగానే దండ తిరిగేది. దొర వంగాడు, గుర్రం వంగింది, మళ్ళీ దొర, మళ్ళీ గుర్రం. జనానికి కడుపునొప్పి వచ్చేదాకా తిప్పి, “ఇక సాలా?” అని అడిగి ఆపేవాడు. ముక్క పోయిందని మొదట ఏడ్చాను. ఆ నవ్వులు విన్నాక ఏడుపు మానేశాను.

అంత సుఖం ఎన్నాళ్ళు! చీపురుపల్లి మకాంలో అప్పలసూరికి జ్వరం తగిలింది. డేరా నన్ను తీసుకుని సాలూరు వెళ్ళిపోయింది. దండ అతని బిస్కెట్ డబ్బాలోనే ఉండిపోయింది. అతను మళ్ళీ లేవలేదు. కూతురు పోలమ్మకు అప్పటికి ఆరేళ్ళు.

తరవాత డేరా మూతపడింది. గోదాములో ఒక బతుకు, పాత ఇనుము కొట్టులో ఇంకో బతుకు గడిపి, చివరికి మద్రాసులో పాత సినిమాలు బాగుచేసే చోటికి చేరాను. ఆ ఊరి పేరు మారిందన్నారు, నా నోటికి పాతదే అలవాటు. అక్కడ మృదుల అనే అమ్మాయి నన్ను కడిగి, తుడిచి, ఒక్కొక్క బొమ్మ ఫొటో తీసింది. ప్రపంచంలో ఈ సినిమాకు మిగిలినదాన్ని నేనొక్కదాన్నేనని తెలిసి ఎగిరి గంతేసింది. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ముఖం మాడిపోయింది. ఆ దండం గురించి పాత పుస్తకాల్లో చదివిందిగానీ, నాలో అది లేదు. కోపం పట్టలేక పత్రికలో రాసింది, డబ్బా మీద ఉన్న పేరుతో సహా: “పైడిమాంబ టాకీస్ ఆపరేటర్ అప్పలసూరి అనే కసాయి, సినిమా ప్రాణాన్ని కోసి పారేశాడు.”

ఆ మాట చదివిన వారానికి డెబ్భై దాటిన పోలమ్మ బొబ్బిలిలో రైలెక్కింది. ఒళ్ళో బిస్కెట్ డబ్బా. అగ్గిరవ్వ పడితే భగ్గుమనే జాతి మాది. పక్కవాడు బీడీ తీసినప్పుడల్లా ఆవిడ డబ్బాను కొంగుకింద దాచిందట. ఆ సంగతి తరవాత నా ముక్కే నాకు చెప్పింది.

“మా అయ్యని కసాయని రాసింది నువ్వేనా తల్లీ?”

మృదుల బల్లముందు నిలబడి అడిగింది. పోలమ్మ డబ్బా మూత తీసింది. దండ! డెబ్భై ఏళ్ళ తరవాత నా ముక్కను చూసుకున్నాను. నాకు కళ్ళుంటే నీళ్ళు కారి నా బొమ్మలన్నీ చెరిగిపోయేవి.

“‘ఇది మనది కాదు, రీలుది. అడిగినోళ్ళకి ఇచ్చీ’ అని మా అమ్మతో సెప్పి పోయినాడు. ఎందుకు కోసినాడో నాకు తెల్దు. మా అయ్య దొంగ కాడు, కసాయోడు కాడు. ఆ మాట ఎనక్కి తీసుకో.”

మృదుల ఆవిడ చేతులు పట్టుకుని తప్పయిందంది. కానీ ఎందుకు కోశాడో తెలియకుండా పత్రికలో ఏమని దిద్దాలి? ముక్క రెండు కొసలూ ఎందుకు అతికి ఉన్నాయో కూడా ఆమెకు అంతుబట్టలేదు. నాకు తెలుసు. నోరేదీ?

ముక్కనూ ఫొటో తీశాక, నా కొత్త ప్రతిలో గుర్రం తన చోటికి వచ్చింది. మొదటి ఆట బొబ్బిలిలోనే వేయాలని మృదుల పట్టుబట్టింది. పాత రీళ్ళు దాచే చలిగదిలోంచి నన్ను కదపరుగానీ, నా బొమ్మ వెళ్ళింది కాబట్టి నేనూ వెళ్ళినట్టే. హాలు కిటకిటలాడింది. దొర వంగాడు, గుర్రం వంగింది, ముక్కులు నేలకు ఆనాయి. నవ్వులతో హాలు ఊగిపోయింది. సినిమా ముందుకు సాగబోతుంటే, వెనక బెంచీలోంచి ఒక ముసలి గొంతు లేచింది.

“వన్స్ మోర్!”

అంతే, హాలంతా అందుకుంది. “గుర్రం దండం! వన్స్ మోర్!” ఆపరేటర్ బిక్కమొహం వేసి మృదుల వైపు చూశాడు. అతికిన ఆ రెండు కొసలు ఆమె కళ్ళముందు తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుని, “తిప్పండి! వాళ్ళు చాలనేదాకా తిప్పుతూనే ఉండండి!” అని అరిచి, జనాన్ని తోసుకుంటూ పోలమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“అమ్మా, తెలిసిందమ్మా! మీ నాన్నగారు ఎందుకు కోశారో తెలిసింది! తలా తోకా అతికి, వీళ్ళు అడిగినన్నిసార్లు...” ఏడుపూ నవ్వూ కలిసిపోయి మాట పూర్తికాలేదు.

తెరమీద గుర్రం అయిదోసారి వంగుతోంది. పోలమ్మ లేచి నిలబడింది. గుర్రానికి చేతులెత్తి దండం పెట్టింది.

“సూసినావా తల్లీ? మా అయ్య కొయ్యనేదు. కలిపినాడు.”

ఇప్పుడు నేను చలిగదిలో హాయిగా ఉన్నాను. పత్రికలో మృదుల దిద్దుబాటు వేసింది. నా కొత్త ప్రతిలో టుల్లో పేరు కింద అప్పలసూరి పేరు చేర్చింది. నా పక్కనే నా ముక్క ఉంది. మృదుల దాని అతుకు విప్పలేదు, ఎవరినీ విప్పనివ్వదు. ఎవరైనా వచ్చి ‘వన్స్ మోర్’ అంటే తిరగడానికి అది సిద్ధంగా ఉండాలి కదా.