బీరువా వెనక మూడొందల రోజులు

ఆ ఉదయం ఆకాశం కురవదు, విడవదు. అర్జీ పెట్టుకున్నవాడికి గుమాస్తా చెప్పే జవాబులా మబ్బు అలా వేలాడుతూనే ఉంది.

వడ్రంగి షెడ్డులో అతన్ని అందరూ 'రూల్సు బాబాయ్' అంటారు. వలస వచ్చిన ఈ పరాయి దేశంలో శాశ్వత నివాసం కార్డు చేతికొచ్చి నాలుగేళ్లు దాటింది. ఐదేళ్లలో మూడొందల రోజులకు మించి దేశం బయట ఉంటే కార్డు ఊడుతుందనీ, వెళ్లిన రోజూ వచ్చిన రోజూ కూడా బయటి లెక్కేననీ అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పి ఆ బిరుదు సంపాదించాడు. తన రోజులు మాత్రం కాగితం మీద రాసుకోలేదు. కాగితం చిరుగుతుంది, చెక్క చిరగదు అన్నది అతని సిద్ధాంతం. షెడ్డు గోడకు ఆనించిన ప్లైవుడ్ ముక్క మీద పెన్సిలుతో రాసేవాడు. ఎడమ పక్క 'నేను', కుడి పక్క 'ఆవిడ'.

నిన్న సొంతూరి నుంచి అక్క ఫోన్ చేసింది. సోమవారం గుండె ఆపరేషన్. బావ పోయాడు, పిల్లల్లేరు. "వస్తావురా?" అని మాత్రం అడిగింది. "రాకేం" అన్నాడు. తీరా రోజులు చూసుకుందామంటే గోడ దగ్గర చెక్క లేదు.

"నా చెక్క ఏదిరా?"

"ఏ చెక్క బాబాయ్?" అన్నాడు పాలిష్ పట్టేవాడు.

"అంకెలు రాసింది!"

"పోయిన నెల నువ్వేగా డాక్టరమ్మ బీరువాకి వెనక బిగించావు? కొలత అతికినట్టు సరిపోయింది, వెనకవైపు ఎవడు చూస్తాడు అన్నావు కూడా."

నిజమే, అన్నాడు. ఆ మాటకి నవ్వింది కూడా తనే. పాస్‌పోర్టులో చూద్దామంటే ముద్రలు కొట్టే కాలం పోయింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో యంత్రం మొహం చూసి పంపేస్తుంది. మనం మరిచిపోయినా అది మరిచిపోదు.

డాక్టరమ్మ తలుపు తీస్తూనే అందుకుంది. "బీరువా తలుపు కిర్రుమంటోందని చెప్పి మూడు వారాలైంది. ఇప్పుడా రావడం?"

"తలుపు కోసం కాదమ్మా. దాని వీపు చూడాలి."

"వీపెందుకయ్యా?"

"నా జాతకం అక్కడుంది."

ఇద్దరూ కలిసి బీరువాని గోడ నుంచి జరిపారు. ఫోన్ లైటు వేసి, దుమ్ము తుడిచి చదువుకున్నాడు. స్నేహితుడి ఎన్నికల ప్రచారానికి నలభై ఒక్క రోజులు. వాడు ఓడిపోయాడు. చిన్నాన్నగారి పొలం గట్టు తగాదాకి అరవై. గట్టు ఉన్నచోటే ఉంది. ఇలాంటివే అన్నీ. రెండుసార్లు కూడాడు. రెండుసార్లూ రెండొందల తొంభై ఆరే వచ్చింది.

మిగిలినవి నాలుగు. రాకపోకలకే నాలుగూ సరిపోతాయి. ఆపరేషన్ గది ముందు నిలబడి, అక్కకి చెయ్యి ఊపి తిరుగుముఖం పట్టాలి. ఒక్క రోజు ఎక్కువైతే కార్డు పోతుంది, దాంతో పనీ, ఇల్లూ.

"ఆ కుడి పక్కది ఎవరిది?" అడిగింది డాక్టరమ్మ.

"మా ఆవిడదమ్మా."

"ఏమీ లేదే!"

ఏమీ లేదు. పెన్సిలు మరక కూడా లేదు. ఆవిడ వస్తానన్న ప్రతిసారీ "నీ రోజులు దాచుకోవే, అవసరానికి పనికొస్తాయి" అన్నాడు. ఎవరి అవసరానికో తనూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

కీలుకు నూనె వేసి, తలుపు కిర్రు మాన్పి ఇంటికి బయల్దేరాడు.

భార్యకీ అక్కకీ ఆరేళ్లుగా మాటల్లేవు. అతను చెప్పిందంతా ఆవిడ పొయ్యి వైపు తిరిగే వింది.

"ఎన్నాళ్లుండాలి?"

"నలభై రోజులు పక్కన మనిషి సాయం ఉండాలంటున్నారట."

"నా చేతి నీళ్లు తాగుతుందా మీ అక్క?"

అతను వేళ్లకంటిన కీలు నూనె చొక్కాకి తుడుచుకున్నాడు.

"మూడొందలూ ఉన్నాయిగా నాకు" అంది ఆవిడ పొయ్యి ఆర్పుతూ. "మీ మహానుభావుడు ఓడిపోవడానికి నలభై ఒకటి పెట్టారు. మీ అక్క లేచి కూచోడానికి నలభై పెడితే తప్పేముంది? పెట్టె దించండి."

అతను అటక మీది పెట్టె దించి, దుమ్ము దులిపి, గుమ్మం పక్కన పెట్టాడు. ఆవిడ రెండు కంచాలు పెట్టింది. ఇద్దరూ కూచున్నారు. వెళ్లిన రోజూ వచ్చిన రోజూ కూడా లెక్కేనని చెప్పబోయాడు. ఆవిడ కళ్లెత్తి చూసింది.

అతను పెద్ద ముద్ద ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.