చేతులు బల్ల మీద

నవతకు ఆరేళ్లుగా నాలుగు గడులే లోకం. లెక్క ఇస్తే బొమ్మ గీసుకునేవాళ్లకు ఒక గడి, సూత్రం కోసం వెతికేవాళ్లకు ఒక గడి, మాటల్లో రాసుకుంటూ పోయేవాళ్లకు ఒక గడి, అందాజాగా ఒక అంకె వేసి సరిచూసుకునేవాళ్లకు ఒక గడి. క్యాంపస్‌లో బీఎడ్ చదివే నలభై మందికి లెక్కలిచ్చి, కాగితం మీద వాళ్ల పని చూసి, ఒక్కొక్కరినీ ఒక్కో గడిలో కూర్చోబెట్టడమే ఆమె పీహెచ్‌డీ. ముప్పై తొమ్మిది మంది బుద్ధిగా కూర్చున్నారు. నలభయ్యో మనిషి వనజ ఎందులోనూ కూర్చోదు.

వనజ కాగితం మీద జవాబు తప్ప ఇంకేమీ ఉండదు. ఎనభై నాలుగు అడుగుల గోడ వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏడేసి అడుగులకొక మొక్క నాటితే ఎన్ని మొక్కలు కావాలి అన్నది లెక్క. సగం మంది ఎనభై నాలుగును ఏడుతో భాగించి పన్నెండని రాసేశారు. మొట్టమొదటి మొక్క వాళ్లెవరికీ గుర్తు రాలేదు. వనజ పదమూడని రాసింది. పక్కన ఒక గీత లేదు, ఒక కూడిక లేదు. పోనీలే అనుకుంటే, నెల తర్వాత రెండో విడతలో అలాంటి లెక్కే ఇస్తే, తొంభై అడుగుల బాట, ఆరేసి అడుగులకొక స్తంభం, హాయిగా పదిహేనని రాసి ఇచ్చింది. పదహారు రావాలి. ఎలా చేశావు తల్లీ అని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకటే మాట.

"ఏమో మేడం, అట్లనే వచ్చింది."

నవతకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ముప్పయ్యో తారీఖులోగా గైడు సంతకంతో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల కష్టం గంగలో కలుస్తుంది. ఈ పిల్లకేమో అట్లనే వస్తుంది.

"కాపీ కొట్టిందమ్మా," అన్నారు గైడు విష్ణువర్ధన్ సార్, పదహారో తారీఖు మధ్యాహ్నం. కడప వదిలి ఇరవై ఏళ్లయినా ఆయన మాట మాత్రం కడపలోనే ఉంది. "మొదటిసారి పక్కదాన్ని చూసి రాసింది. రెండోసారి నువ్వు గట్టిగా ఉండేసరికి బయటపడింది. అంతే."

"ఆమె పేరు తీసేస్తే ఎట్లుంటది సార్?"

"సినాప్సిస్‌లో నలభై మందని రాసినావు. ముప్పై తొమ్మిది ఎట్లవుతుంది?" అంటూ ఆయన వనజ కాగితం లాక్కొని ఎర్ర పెన్నుతో 'కాపీ' అని రాసి గిరి గీశారు. "ఇదే మాట థీసిస్‌లో ఎక్కించి తీసుకురా. సంతకం పెడతా."

పని అయిపోయినట్టే. కానీ నవత ఆ ఎర్ర గిరి కనిపించకుండా కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. రేపో మాపో టీచరు కాబోయే పిల్ల. తన డిగ్రీ కోసం దాని మీద దొంగ ముద్ర వేయాలి. వేయకపోతే తను మునుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ పిల్ల మీదా, సార్ మీదా, నాలుగు గడులు కనిపెట్టిన తన మీదా సమానంగా కోపం వచ్చింది.

సాయంత్రం ఆ కోపంతోనే తార్నాకకు వెళ్లింది. వనజ తల్లి అమృతమ్మకు అక్కడ రోడ్డు పక్కన పూలబండి ఉంది. క్లాసులయ్యాక వనజ కూడా బండి దగ్గరే ఉంటుంది. నవత వెళ్లేసరికి తల్లీకూతుళ్లు ఒక పెద్ద బంతిపూల దండ కడుతున్నారు.

"కూసో బిడ్డా," అని అమృతమ్మ స్టూలు జరిపి, కూతురి వైపు తిరిగింది. "ఐదు మూరల దండ. జానెడుకొక గులాబి పెట్టాలె. ఎన్ని తియ్యాలె?"

"పదకొండు," అంది వనజ, తల ఎత్తకుండానే.

నవతకు ఒళ్లు మండింది. మూరకు రెండు జానలు, ఐదు మూరలకు పది. "పదే కదా," అంది.

"పది తీస్తె కొసకు బోడిగ ఉంటది," అంది అమృతమ్మ. "మొదట్ల ఒకటి, ఆఖర్ల ఒకటి ఉండాలె గద."

అప్పుడు చూసింది నవత. వనజ ఎడమచెయ్యి వేళ్లు చాచి ఉన్నాయి. కుడి బొటనవేలు ఆ వేళ్లనూ వేళ్ల మధ్య సందులనూ తడుముతూ పోతోంది. నవత కోపం మరిచి ఆ చేతుల వైపు వంగింది.

"గోడ లెక్క గుడ ఇట్లనే చేసినవా?"

వనజ తన చెయ్యిని అప్పుడే చూసుకున్నట్టు చూసుకుంది. "అయ్యుంటది మేడం. ఐదు వేళ్లకు నాలుగే సందులు. అంటే పన్నెండు సందులకు పదమూడు వేళ్లుండాలె."

"మరి రెండోసారి ఏమైంది?"

"రెండోసారి మీరే అన్నరు గద, ఫోన్లు చూస్తున్నరు, అందరు చేతులు బల్ల మీద బోర్లపెట్టున్రి, రాసే చెయ్యి తప్ప ఇంకోటి కదలొద్దు అని."

నవతకు గుర్తుంది. అన్నది తనే. మొదటి విడతలో సరిగ్గా చేసి రెండో విడతలో తప్పినవాళ్లు వనజ ఒక్కతే కాదు, ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లకు విసుగు పుట్టిందని తేల్చి, నాలుగో అధ్యాయంలో ఆ విసుగు మీద పన్నెండు పేజీలు రాసింది. పిల్లను చంకలో పెట్టుకొని ఊరంతా వెతికినట్టు ఆరేళ్లు కాగితాలు వెతికింది. బల్ల కిందికి ఒక్కసారి వంగి చూడలేదు. ఇప్పుడు ఒక్క వనజ కాగితంతో పోయేది కాదు, నలభై మందినీ మళ్లీ కూర్చోబెట్టాలి. ఏడుపొచ్చింది. అమృతమ్మ ఒక గులాబి ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున విష్ణువర్ధన్ సార్ అంతా విని కళ్లజోడు తీశారు.

"ఐదో గడా? ఆరేళ్ల తర్వాతా? ఆలోచన ఉండేది తలకాయలోనమ్మా, చేతుల్లో కాదు. అయినా టైం యాడుంది?"

"ఒక్కొక్కరిని ఎదురుంగ కూసోబెట్టుకొని చూడాలె సార్. రోజుకు ముగ్గురు. ఆదివారాలు గుడ చేస్త, రాత్రిళ్లు రాస్త. ఇయ్యాల పదిహేడు. ముప్పైల నుంచి పదిహేడు తీస్తె పదమూడు రోజులు."

"పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది. చూసినావా? మళ్లీ వనజ దగ్గరే ఆగినావు. నా మాట విని కాపీ అని..." ఆయన ఆగారు. "పదమూడు కాదే. పద్నాలుగు. ఇయ్యాళ కూడా ఉంది కదమ్మా."

నవత సిగ్గుతో చచ్చిపోయింది. గోడ లెక్క తయారుచేసిన మనిషే మొదటి మొక్కను మరిచిపోయింది. తల దించుకుంటే ఆయన కుడిచెయ్యి కనిపించింది. బల్ల అంచు కింద, ఒళ్లో ఉంది. బొటనవేలు చిటికెనవేలి మొదటి కణుపు దగ్గర బయలుదేరి, వేలికి మూడు కణుపుల చొప్పున నాలుగు వేళ్లూ తిరిగొచ్చి, మళ్లీ చిటికెనవేలి రెండో కణుపు మీద ఆగి ఉంది.

"ఎట్ల లెక్కబెట్టిన్రు సార్?"

"ఎట్లా ఏముంది? అట్లనే వచ్చింది."

"సార్, ఒక్కసారి చేతులు బల్ల మీద పెడ్తరా," అంది నవత. చాలా మెల్లగా అంది.

ఆయనకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఒళ్లోకి చూసుకున్నారు. బొటనవేలు ఇంకా కణుపు మీదే ఉంది. ఆ తర్వాత చెయ్యి చాచి వనజ కాగితం అడిగి తీసుకున్నారు. 'కాపీ' అన్న మాటను అదే ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, కింద సంతకం చేశారు.

"ఆ పిల్లను ఇప్పుడే పిలిపించు," అన్నారు కాగితం తిరిగి ఇస్తూ. "ఇయ్యాళ పోగొట్టుకున్నావంటే మళ్లీ పదమూడే."