వాయినంలో వచ్చిన చిప్పులు

నాకు ఇద్దరు కోడళ్ళు. పెద్దామె ఉషశ్రీ చేవెళ్ళలో, చిన్నామె స్వప్నిక మొయినాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలు నడుపుతున్నారు. నా కొడుకులేం చేస్తారని అడక్కండి. చెప్పింది చేస్తారు.

పెద్దామె అమ్మేది మేరు కంపెనీ చిప్పు, చిన్నామె అమ్మేది మిణుగురు కంపెనీ చిప్పు. చిప్పంటే పల్లీపట్టీ ముక్కంత ఉంటుంది. కంప్యూటర్‌కు బుర్ర అదే. ఒకసారి ఒకటి కింద పడితే మా ఇంటి చీమలు మోసుకుపోయాయి. అప్పటినుంచి అవి చక్కెర డబ్బా మూత తిప్పి తీయడం నేర్చుకున్నాయి. నమ్మకపోతే వచ్చి చూడండి, డబ్బా ఎప్పుడూ సగమే ఉంటుంది.

ఆ రెండు కంపెనీలకూ పడదు. వాటి మూలంగా మా కోడళ్ళకూ మాటల్లేవు. నాకు మాత్రం హాయిగా ఉండేది. పొద్దున చేవెళ్ళలో తిని, సాయంత్రం బస్సెక్కి మొయినాబాద్‌లో తినేవాణ్ణి. డాక్టరు నాకు తీపి వద్దన్నాడు. "చిన్నామె పాయసం చేసింది గని, నాకు చుక్క గూడ పెట్టలేదమ్మా" అని ఇక్కడ నిట్టూర్చేవాణ్ణి. పెద్దామె జాలిపడి రవ్వలడ్డు చేతిలో పెట్టేది. సాయంత్రం అక్కడ ఇదే నిట్టూర్పు, పేరు మార్చి.

ఇట్లా రోజులు తియ్యగా గడుస్తుంటే చిక్కొచ్చి పడింది. మేరు కంపెనీ తరఫున సాయిదీప్ అనే మేనేజరు చేవెళ్ళలోని మా దుకాణానికి వస్తుంటాడు. ఇంకో కంపెనీ చిప్పు ఒక్కటి కనబడ్డా సరుకు ఆపేస్తామని నవ్వుతూ చెబుతాడు. కాగితం మీద మాత్రం ఎక్కడా పెట్టడు. వచ్చినప్పుడల్లా అరలన్నీ వెతుకుతాడు. ఒకసారి మామిడికాయ పచ్చడి జాడీలో కూడా గరిటె తిప్పి చూశాడు. మేరువాళ్ళు దుకాణదారుల చేతులు కట్టేస్తున్నారని మిణుగురువాళ్ళు ఢిల్లీలో కేసు వేశారు. కంపెనీలు పోటీని తొక్కేస్తే విచారించే కమిషన్ ఒకటి ఉందట అక్కడ. మేమెవరినీ కట్టెయ్యలేదు, దుకాణాలవాళ్ళే ప్రేమకొద్దీ మా సరుకు అమ్ముతున్నారని మేరువాళ్ళు జవాబిచ్చారు.

సరిగ్గా అప్పుడే శంకర్‌పల్లి బడివాళ్ళు ఉషశ్రీకి కంప్యూటర్ల ఆర్డరిచ్చారు. మేరు చిప్పులేమో రాలేదు. సోమవారానికి ఇవ్వకపోతే సిటీలో కొనుక్కుంటామన్నారు.

గురువారం నాడు ఉషశ్రీ గల్లా ముందు తల పట్టుకుని కూర్చుంది. "ఈ ఆర్డర్ పోతే ఇంకో బడి మన గడప తొక్కదు మామయ్యా. మిణుగురు చిప్పులు కొంటే సాయిదీప్ సరుకు బంద్ చేస్తడు. ఎట్ల జేసినా దుకాణం మూతే."

"చిన్నామె దగ్గర ఉన్నయి గదా."

"నేనడగ."

"అడగకు. కొనకు గూడ. రేపు శ్రావణ శుక్రవారం. ఎవరన్న వాయినం తెస్తే కాదంటవా?"

"వాయినం ఎవరు కాదంటరు?"

"అయితే ఇగ ఫికర్ జేయకు."

సాయంత్రం బస్సెక్కి మొయినాబాద్ పోయి స్వప్నికకు సంగతంతా చెప్పాను.

"అక్క అడగమన్నదా?" అంది.

"అడగలే. ఏడ్వలే గూడ. ఊరికే కండ్లు తుడుచుకున్నది."

స్వప్నిక అటక మీది ఇత్తడి పళ్ళెం దించి చింతపండుతో తోమడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున్నే కమిషన్ నుంచి సమత అనే ఆఫీసరు చేవెళ్ళ దుకాణానికి వచ్చింది. దుకాణం వెనకే మా ఇల్లు, అక్కడే కూర్చోబెట్టాం. "ఇంకో కంపెనీ సరుకు అమ్మొద్దని మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?" అని ఉషశ్రీని అడిగింది.

ఉషశ్రీ తలెత్తకుండా బిల్లు పుస్తకం తిప్పింది. "అట్లాంటిదేం లేదు మేడం. మా ఇష్టమొచ్చింది అమ్ముకుంటం."

ఆఫీసరు రాసుకుని లేవబోయింది. ఆ రోజు గడప తొక్కిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపుతారా? పక్కింటి పెంటమ్మ ఆమెను చాప మీద కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాసింది. ఒళ్ళో శనగలు పోయబోతే సమత చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఏమీ తీసుకోకూడదండీ."

"నానబెట్టిన శనగలు తల్లీ," అన్నాను. "ఇది లంచమైతే ఊర్ల పావురాలన్నిటినీ జైల్ల పెట్టాలె."

ఆమె నవ్వి నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. అప్పుడే స్వప్నిక వచ్చింది. పళ్ళెంలో శనగలు, తమలపాకులు, అరటిపళ్ళు, రవికెగుడ్డ. గుడ్డ కింద చిప్పుల పెట్టెలు. వాటిని బిగించడానికి సరిపడే బోర్డులు బయట ఆటోలో ఉన్నాయి, అవీ వాయినమే. కొంగు కప్పి పళ్ళెం చాచింది.

"ఇస్తినమ్మ వాయినం."

"పుచ్చుకుంటినమ్మ వాయినం," అంది ఉషశ్రీ. చాలాకాలం తర్వాత ఇద్దరూ అనుకున్న మాటలు అవే.

అదే సమయానికి సాయిదీప్ బూట్లు విప్పి లోపలికొచ్చాడు. వాడి కళ్ళకు రవికెగుడ్డ అడ్డమా?

"ఏంది మేడం ఇది?"

"వాయినం."

"వాపస్ ఇచ్చెయ్యండి."

పెంటమ్మ బుగ్గలు నొక్కుకుంది. "వాయినం వాపసిస్తరా బిడ్డా? మీ అవ్వ నీకేం నేర్పలేదా?"

"నీకు తెల్వదు, ఊకో అవ్వా." సాయిదీప్ మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు పోయింది. "చూడండి మేడం. ఇంకో కంపెనీ చిప్పు మీరు కొన్నా, ఊకెనే వచ్చినా, దేవుడే తెచ్చిచ్చినా రేపటి సంది సరుకు బంద్. మీకొక్కరికే గాదు, అందరు డీలర్లకు ఇదే రూలు. పైనుంచి వచ్చిన మాట."

"పైనుంచి అంటే ఎవరు?" అంది సమత, శనగలు నములుతూ.

"మీరెవరు?"

"ఢిల్లీ నుంచి వచ్చిన ముత్తైదువ," అన్నాను నేను.

సమత పసుపు చేతితోనే కార్డు తీసి చూపించింది. సాయిదీప్ విప్పిన బూట్ల కోసం వెతుక్కున్నాడు. ఆమె ఉషశ్రీ వైపు తిరిగింది. "ఇందాక మీరు అట్లాంటిదేం లేదన్నారు."

ఉషశ్రీ సాయిదీప్ వైపు చూసి, పళ్ళెం కింద పెట్టబోయింది. స్వప్నిక వచ్చి ఆ అంచు పట్టుకుంది. "చెప్పక్కా. నేనున్న గదా. సరుకు బందైతే నా దుకాణంల సగం నీది."

"ఇందాకటిది కొట్టెయ్యండి మేడం," అంది ఉషశ్రీ. "మొదటి సంది చెప్త."

సోమవారం బడికి కంప్యూటర్లు చేరాయి. ఢిల్లీలో కేసు ఇంకా నడుస్తూనే ఉంది. కమిషన్ కన్ను పడిందని మేరువాళ్ళు సరుకు ఆపలేదు సరికదా, అడిగిన రోజే పంపుతున్నారు. ఇప్పుడు రెండు దుకాణాల్లోనూ రెండు చిప్పులూ ఉన్నాయి.

అందరూ బాగుపడ్డారు, నేను తప్ప. కోడళ్ళిద్దరూ రోజూ ఫోన్లు చేసుకుంటున్నారు. మొదటి మాటే "మామయ్యకు ఏం పెట్టినవే?" అని. రెండిళ్ళ మధ్య కబుర్ల వ్యాపారం నా ఒక్కడిదే ఉండేది, అది కాస్తా మునిగింది. పొద్దున చేవెళ్ళలో కాకరకాయ, సాయంత్రం మొయినాబాద్‌లో కాకరకాయ. ఇద్దరూ కలిసి ఒక ముసలాయన నోరు కట్టేస్తే మీ కమిషన్ విచారిస్తుందా అని సమతకు ఫోన్ చేశాను. నవ్వి పెట్టేసింది.

చక్కెర డబ్బా ఇప్పుడు బీరువాలో తాళం వేసి ఉంటోంది, నిండుగా. పాపం, చీమలు కూడా చదువు మరిచిపోయినట్టున్నాయి.